తీర్మానం నంబరు నాలుగు

"పుస్తకం ఇస్తవా, ఇయ్యవా?"

"ఇయ్య. అది సంఘం పుస్తకం. నీ ఒక్కదానిది కాదు."

"నా ఇంటి సంగతి అందులో రాసినంక నాది కాదా?"

సంఘం పుస్తకం రాసే నాగలక్ష్మి తల ఎత్తలేదు. ముంగిట్లో గోనెపట్టా మీద బీడీలు చుట్టే తునికాకు కుప్ప పోసుకుని కూర్చుంది. ఆకులు దొంతి పేర్చడం, నారతో బిగించడం, కట్టను పక్కన పడేయడం. చేతులు ఆగడం లేదు. శ్యామల వచ్చి నిలబడి పావుగంటైంది. కూర్చోమన్న పాపాన పోలేదు.

నిన్న పొద్దున జరిగింది తలుచుకుంటే శ్యామలకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది. గూడెం ఆ చివర ఉండే అత్త రామక్క గాలివానలా వచ్చిపడింది. వచ్చీ రాగానే ఏడేళ్ల లిఖిత రెక్క పట్టుకుంది.

"మతి చెడ్డదాని దగ్గర నా మనమరాలు ఉండొద్దు. నా నోటి మాట కాదు ఇది. సంఘం పుస్తకంల రాసి ఉంది. కింద దీని సంతకం కూడా ఉంది!"

గూడెం గూడెమంతా వినేటట్టు అరిచి, పిల్లను ఈడ్చుకుపోయింది. మణుగూరులో కాంట్రాక్టరు దగ్గర లారీ తోలుతూ పదిహేను రోజులకోసారి ఇంటిమొహం చూసే మొగుడు రమణ, గడపలో నిలబడి తన చెప్పుల వంక చూసుకున్నాడు. ఆ చెప్పుల్లో ఏం కనిపించిందో ఆ మహానుభావుడికే తెలియాలి!

ఇవాళ నాలుగింటికి తునికాకు కల్లంలో పంచాయితీ. పెద్దమనిషి పగిడయ్య పటేల్ కూర్చుంటాడు. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేలుస్తాడు.

"నిన్ను నమ్మి చెప్పుకున్న నాగక్కా," అంది శ్యామల. "ఏడో నెల కడుపు పోయి, బతకాల్నా వద్దా అని తెల్వక, జంపక్క తోలుకొస్తే వచ్చి మీ మధ్యల కూసున్న. మా అత్త రాని దినం సూసి, నా మొగనికి చెప్పని మాట మీకు చెప్పిన. దాన్ని రాస్తవా?"

"మీటింగ్ల మాట్లాడింది రాయకుంటే ఎట్ల? ట్రైనింగ్ల మాకు ఏం చెప్పిండ్రు? ఎవరేం మాట్లాడినా రాయాలె. రాయని మీటింగ్ మీటింగే కాదన్నరు."

"ఏడ్చిన ఏడుపు కూడా రాస్తవా?"

"రాసిన. 'కన్నీరు పెట్టుకున్నారు' అని రాసిన."

నవ్వాలో చావాలో తెలియని మాట ఇది. నాగలక్ష్మి ముఖంలో ఎగతాళి లేదు. చేసిన పని చేసినట్టు చెప్పింది, అంతే.

అసలు తప్పు ఎక్కడుందంటే, ఆశా వర్కర్ జంపక్క మంచి బుద్ధితో మొదలుపెట్టిన పనిలోనే ఉంది. ప్రతి బేస్తారం, అంటే గురువారం, పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి, మనసులో బరువేదో దించుకోమనేది. ఊరికే కూర్చుని ముచ్చట పెట్టుకుంటామంటే ఏ ఇంటి మగాడు పంపుతాడు? అందుకని దానికి సంఘం మీటింగ్ అని పేరు పెట్టింది. మీటింగ్ అన్నాక నాగలక్ష్మి పెన్ను తీసింది. చివర్న పుస్తకం చేతులు మారుతూ తిరిగితే, అందరూ కబుర్లాడుకుంటూ సంతకాలు గీకేశారు, వేలిముద్రలు ఒత్తేశారు. ఏం రాసి ఉందో చదివిన తల్లి ఒక్కతీ లేదు. శ్యామల కూడా చదవలేదు.

"మరి నీ గురించి రాసుకున్నవా?" అంది శ్యామల, పళ్లు బిగబట్టి. "పక్కోళ్ల ఇండ్లు బజార్ల పెట్టుడేనా?"

నాగలక్ష్మి చేతులు అప్పుడు ఆగాయి.

"రాసుకున్న. నా మొగడు ఎనిమిది నెలల సంది నాతోని మాట్లాడ్తలేడని చెప్పిన గదా, అది రాసుకున్న. కింద నేనే సంతకం పెట్టుకున్న. చూసుకో పో."

నాగలక్ష్మి మళ్లీ ఆకు దొంతి అందుకుంది.

"మరి మా అత్తకు ఎవరిచ్చిండ్రు?"

"ఒకరు ఇచ్చేదేంది? పుస్తకం వారానికి ఒక లీడర్ ఇంట్ల ఉంటది. పోయిన వారం రెండో లీడర్ వంతు. రెండో లీడర్ ఎవరు?"

రామక్క.

"మా అత్తకు అక్షరం ముక్క రాదు."

"మీ ఆయనకు వస్తది గదా," అంది నాగలక్ష్మి మెల్లగా.

చెప్పుల వంక చూసుకున్న మొగుడి ముఖం కళ్లముందు మెదిలింది. ఎవడో చదివాడనుకుంది. ఎవతో ఫోటో తీసి పంపిందనుకుంది. తనతో ఏడడుగులు నడిచినవాడే కూర్చుని, తల్లికి కథలా చదివి వినిపించాడన్నమాట!

ఇంకేం అడగలేదు. చెప్పులతోనే విసురుగా లోపలికి వెళ్లింది. దూలానికి వేలాడుతున్న సంచీలోంచి పుస్తకం లాగింది. నాగలక్ష్మి వెనకే వచ్చింది కాని, చెయ్యి పట్టుకుని ఆపలేదు.

'తీర్మానం నం. 4. సభ్యురాలు సోడె శ్యామల గారు తమకు రెండు నెలల నుండి నిద్ర పట్టుట లేదనియు, పిల్ల పిలిచినను లేవబుద్ధి కావట్లేదనియు, బ్రతుకు ఎందుకని అనిపించుచున్నదనియు తెలియజేసి కన్నీరు పెట్టుకున్నారు. వారిని ఓదార్చవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.'

తన గుండెకోత ఇంత పొందికగా, బోరుబావి మంజూరైనట్టు రాసి ఉంది. పేజీ వెనక్కి తిప్పింది. ఇంకో పేజీ. మరొకటి. ఎందుకు తిప్పుతోందో తనకే తెలియదు, పిచ్చికోపంలో చేతులు ఊరుకోవు కదా.

జనవరి నెల పేజీ మీద పెద్ద వేలిముద్ర ఒకటి కనిపించింది. పక్కన 'సోడె రామక్క' అని నాగలక్ష్మి గుండ్రటి అక్షరాలు.

"అది సదవకు శ్యామలా," అంది నాగలక్ష్మి. మొదటిసారి ఆమె గొంతులో భయం వినిపించింది. "అప్పుడు నువ్వు మీ అమ్మగారింట్ల ఉన్నవ్. అది నీ చెవిన పడొద్దని అందరం ఒట్టేసుకున్నం."

చదవకు అన్నాక చదవని మనిషి ఉంటుందా?

'తీర్మానం నం. 2. సభ్యురాలు సోడె రామక్క గారు, ఇరువది ఎనిమిది సంవత్సరముల క్రితం భర్త మరణించిన పిదప తమకు మనసు సరిగా లేక, మూడేళ్ల కుమారుని ఇంటిలో పెట్టి తలుపు వేసి, మూడు దినములు గోదావరి ఒడ్డున తిరిగితిననియు, ఇరుగుపొరుగువారు తలుపు తీసి పిల్లవానికి గంజి పోసినారనియు, ఈ సంగతి నేటివరకు కుమారునికి తెలియదనియు చెప్పి కన్నీరు పెట్టుకున్నారు. ఈ విషయము బయటకు పొక్కనీయరాదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.'

శ్యామల రెండుసార్లు చదివింది. ముఖంలోకి రక్తం వచ్చింది. నిన్నటి నుంచి అన్నం సయించని మనిషికి ఒక్కసారిగా ఒంట్లో సత్తువ వచ్చినట్టైంది.

"దొరికినవ్ అత్తా," అంది పైకే.

*

కల్లం దారిలో జంపక్క ఎదురొచ్చింది. భుజాన మందుల సంచీ, చేతిలో ఏదో కాగితం. శ్యామల చంకలో పుస్తకం చూడగానే సంగతి గ్రహించింది.

"ఏ పేజీ సదివినవ్?"

"సదవాల్సిన పేజీ సదివిన."

"వద్దు బిడ్డా. ఇగో, భద్రాచలం డాక్టరమ్మ రాసిచ్చిన కాయితం తెచ్చిన. మందులు సక్కగ వేసుకుంటున్నవని, మంచిగైతున్నవని రాసిచ్చింది. నెల సంది నిద్రపోతున్నవని, వండుతున్నవని, పిల్లకు జడ వేసి బడికి పంపినవని నేను చెప్త. పటేల్ మొండోడు గాని, చెడ్డోడు కాదు. వింటడు. పిల్ల నీ దగ్గరికొస్తది."

"పిల్ల ఒక్కతే వస్తే నాకు సరిపోదు జంపక్కా."

"ఇంకేం కావాలె?"

"ఆమె తల దించుకోవాలె. నిన్న నేను దించుకున్నట్టు. గూడెం ముంగట."

జంపక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది బిడ్డా. ఆమె నీ అత్త. ఆ పేజీల ఉన్న పిలగాడు నీ మొగడు."

"తెలుసు. వాడు కూడా వినాలె."

"నీకు డాక్టరు గోలీలిచ్చింది నిజమే. అంతకు ముందుగాల నిన్ను లేపి నిలబెట్టింది ఎవరు? ఆ పదిమంది ఆడోళ్లు కాదా? నాలుగు నెలల సంది రామక్క మాట ఒక్కరి నోట్ల నుంచి జారిందా? ఇయ్యాల నువ్వు అది సదివితే, రేపు బేస్తారం నాడు ఎవరొచ్చి నోరిప్పుతరు? దస్రు పెండ్లాం ఉంది, నెల బాలింత. గోడ దిక్కు తిరిగి పండుకుంటది, పిల్లకు పాలియ్యది. వస్తనని నిన్ననే ఒప్పుకుంది."

శ్యామల ఒక్క క్షణం ఆగింది. గోడ దిక్కు తిరిగి పడుకోవడమంటే ఏమిటో ఆమెకంటే ఎవరికి బాగా తెలుసు?

కాని నిన్న కూతురు వెనక్కి తిరిగి చూసిన చూపు అంతకంటే గట్టిగా గుచ్చుకుంది.

"నాకు పట్టిన గతి సూసినంక కూడా వస్తదా ఆమె? రాకుంటేనే మంచిది," అని చెయ్యి విడిపించుకుంది.

*

కల్లం నిండా ఆరబోసిన ఆకు కట్టలు. ఎండ ఇంకా దిగలేదు. పగిడయ్య పటేల్ ఖాళీ గోనెల మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. ఒక పక్కన ఆడవాళ్లు, ఒక పక్కన మగవాళ్లు. రామక్క బాసింపట్టు వేసుకుని, లిఖితను ఒళ్లో పెట్టుకుని, ఇప్పటికే గెలిచినదానిలా కూర్చుంది. పిల్ల చూపు తల్లి మీదే ఉంది. శ్యామల చూపు మాత్రం అత్త మీద ఉంది.

"చెప్పు రామక్కా," అన్నాడు పగిడయ్య.

"నేను చెప్పేది ఏముంది పటేలా? రాసి ఉంది. పిల్ల పిలిస్తే లేవబుద్ధి కాదట. బతకబుద్ధి కాదట. గసుంటిదాని దగ్గర పిల్లను ఎట్ల ఉంచుదు? ఓ రమణా, పుస్తకంల ఏమున్నదో చెప్పు."

రమణ గొంతు సవరించుకున్నాడు. తల ఎత్తకుండా, పుస్తకం అడగకుండా, తనకు గుర్తున్నది గడగడా అప్పజెప్పాడు. కంఠతా పట్టాడు మరి!

పగిడయ్య రామక్క కోడలి వైపు తిరిగాడు. "అవునా శ్యామలా?"

"అవ్. అన్న."

అప్పుడు జంపక్క లేచింది. కాగితం పటేల్ చేతికిచ్చింది. జ్వరం వస్తే దవాఖానాకు పోయినట్టే మనసుకు జ్వరం వస్తే కూడా పోతామని, శ్యామల సిగ్గుపడకుండా పోయిందని, మందు వేసుకుందని, ఇప్పుడు తేరుకుందని విడమరిచి చెప్పింది. ఆడవాళ్లలో నలుగురు "అవ్, నిజమే, మేం సూసినం" అన్నారు. నాగలక్ష్మి అందరికంటే గట్టిగా అంది.

పగిడయ్యకు చదువు రాదు. అయినా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ముద్ర చూసి తల ఊపాడు.

"రోగం వచ్చింది, మందు తిన్నది, తగ్గింది. ఇంక లొల్లి ఏముంది? రామక్కా, పిల్లను తల్లికి..."

మాట పూర్తి కాలేదు. రామక్క మధ్యలోనే అందుకుంది.

"ఇయ్యాల తగ్గింది. రేపు మళ్లొస్తే? కడుపుల ఉన్నదాన్నే కాపాడుకోలేకపాయె, ఉన్నదాన్ని ఏం కాపాడ్తది?"

పిల్ల పోయిన తల్లిని పట్టుకుని అనే మాటేనా అది? రామక్క కూడా ఆ మాట నోరు దాటాక పెదవి కొరుక్కుంది. కాని దాటింది దాటింది.

పటేల్ తీర్పు సగం ఇచ్చేశాడు. ఊరుకుంటే చాలు, రెండు నిమిషాల్లో బిడ్డ చేతికొచ్చేది. జంపక్క కళ్లతోనే బతిమాలింది. శ్యామల ఆ కళ్ల వంక చూడలేదు. పుస్తకం తెరిచింది.

"రమణయ్యా, నువ్వు ఒక్క పేజీనే సదివినవ్. ఇంకోటి నేను సదువుత, విను."

మొదటి మాటకే రామక్క ముఖం పాలిపోయింది. 'భర్త మరణించిన పిదప' అన్నచోట "వద్దే" అంది. 'తలుపు వేసి' అన్నచోట కొడుకు వైపు చూసింది. శ్యామల ఆగలేదు. ఒక్కో మాటా నొక్కి నొక్కి చదివింది. నిన్న తన మీద పడ్డ ప్రతి మాటకూ బదులు తీరుస్తున్నట్టు చదివింది. చెప్పొద్దూ, ఆ క్షణాన ఆమెకు హాయిగా ఉంది. కడుపు పోయినప్పటి నుంచి ఇంత హాయి ఆమె ఎరగదు.

చదవడం అయిపోయింది. ఆడవాళ్లలోంచి ఒకరు లేచి, చీర దులుపుకుని వెళ్లిపోయారు. వెనకే ఇద్దరు. చివరన నెల బాలింత, దస్రు పెండ్లాం, పసిదాన్ని ఎత్తుకుని, కొంగు నెత్తిన కప్పుకుని మరీ గబగబా నడిచింది. నాగలక్ష్మి మోకాళ్లలో తల పెట్టుకుంది.

రమణ తల్లి దగ్గరికి వచ్చాడు.

"నాకు చీకటంటే ఎందుకు భయమని చిన్నప్పుడు అడిగితే, దయ్యం పట్టిందని తాయెత్తు కట్టిచ్చినవ్ గదా అమ్మా."

రామక్క కొడుకుతో కాదు, కోడలితో మాట్లాడింది.

"నాది రాయలేదనుకున్ననే. బయటికి పొక్కొద్దని అనుకున్నరు గదా, ఇంకెందుకు రాస్తరనుకున్న. నీ మాట వాడు సదివి చెప్తుంటే నాకు నిద్ర పట్టలే. పిల్ల పిలిస్తే లేవబుద్ధి కాదంటే ఏందో నాకు తెల్వదా? నా పిలగాన్ని ఏం చేసిననో నాకు తెల్వదా? అందుకే లిఖితను తెచ్చుకున్న. నీ మీద పగ లేదని అనను. ఉంది. మొదటి సంది ఉంది. గాని భయం దానికంటె ఎక్కువుంది."

"ఆ మాట నా ఇంటికొచ్చి చెప్పొచ్చు గదా అత్తా," అంది శ్యామల. అంతకుముందున్న ఊపు గొంతులో లేదు.

"ఎట్ల చెప్పాలె? ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

పగిడయ్య చుట్ట ఆర్పేశాడు. ఆయనకు విసుగొచ్చింది. ఆడవాళ్ల మనసుల లెక్కలు ఆయన తలకెక్కే రకం కావు. ఆయనకు అర్థమైంది ఒక్కటే.

"కోడలి మాట పుస్తకంల ఉంది, అత్త మాట పుస్తకంల ఉంది. ఇద్దరి గుర్తులు ఉన్నయ్. ఒకరు పనికిరాకుంటే ఇంకొకరు కూడా పనికిరారు. జూన్ల భద్రాచలం ఆశ్రమ బడి తెరుస్తరు, పిల్లను అక్కడ చేర్చుండ్రి. అప్పటిదాంక తండ్రి దగ్గర ఉంటది. ఇది నా మాట."

"పటేలా!" అని శ్యామల లేచింది. "ఇందాక పిల్లను నాకు ఇచ్చినవ్ గదా!"

"ఇచ్చిన. నువ్వే వద్దనిపించినవ్."

రమణ అప్పటికే లిఖితను అవ్వ ఒళ్లోంచి ఎత్తుకున్నాడు. తన బైకు ట్యాంకు మీద కూర్చోబెట్టాడు. పిల్ల "అమ్మా" అంది. శ్యామల పరుగెత్తి హ్యాండిల్ పట్టుకుంది.

"మణుగూర్ల నీ కిరాయి గదిల ఆరుగురు మగోళ్లు ఉంటరు గదయ్యా! ఆడపిల్లను ఏడ పండబెడ్తవ్? నువ్వు డ్యూటీకి పోతే ఎవరు సూస్తరు?"

రమణ ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. కోపంగా కాదు, చాలా నెమ్మదిగా.

"ఏడనో ఒక తాన పండబెడ్త. తలుపైతే వెయ్య."

బండి మణుగూరు దారి పట్టింది. శ్యామల కల్లం దాటి, మలుపు దాకా పరుగెత్తింది. ఊపిరి అందక ఆగేసరికి వెనక మరో మనిషి రొప్పు వినిపించింది. రామక్క. అరవై ఏళ్ల మనిషి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ దుమ్ములో పక్కపక్కనే నిలబడ్డారు.

అత్త చేతిలో పిల్ల ఉండొద్దని కదా తను కోరుకుంది. ఇప్పుడు లేదు. అత్త తల దించుకోవాలని కోరుకుంది. దించుకుంది. కోరుకున్నవన్నీ జరిగాయి.

"పొద్దుగాల సంది పిల్ల ఏం తినలేదే," అంది రామక్క, రోడ్డు వంకే చూస్తూ. "ఎంత బతిమాలినా నోరు తెరవలే. అమ్మొచ్చి తిన్నవా అని అడిగితే తింటనని కూసుంది."

గంటసేపు పిల్ల ఎదురుగానే ఉంది. శ్యామల అడగలేదు.